మూడో మ్యాచ్‌తోనే సీజన్‌ను ముగించవలసిన ఆవశ్యకత

ఫుట్‌బాల్ లీగ్‌లను నడిపేవారు ఏటా చేస్తున్న ఒక భారీ దుబారాను ఇకనైనా అరికట్టాలని ఈ వ్యాసం ద్వారా సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌నే తీసుకుందాం. 20 జట్లు, ఒక్కొక్క జట్టుకు 38 మ్యాచ్‌లు, మొత్తం 380 మ్యాచ్‌లు. ఆగస్టులో మొదలైన తంతు మే నెల దాకా సాగుతుంది. ఏ జట్టు ఎక్కడ తేలుతుందో తెలుసుకోవడానికి ఇదంతా అవసరమట. ఆ సంగతి అభిమానులకు మూడో మ్యాచ్ ముగిసేసరికే, కొందరు ప్రతిభావంతులకు మొదటి మ్యాచ్ విరామ సమయానికే, సందేహానికి తావు లేకుండా తెలిసిపోతున్నప్పుడు, మిగిలిన 35 మ్యాచ్‌ల కోసం గడ్డి కత్తిరించడం, సున్నపు గీతలు గీయడం, రిఫరీలకు ఈలలు సమకూర్చడం ఎవరిని ఉద్ధరించడానికో నాకు బోధపడదు.

తీర్పు వెలువడే విధానం ఎంతో క్రమపద్ధతిలో ఉంటుంది. జట్టు మొదటి మ్యాచ్ ఓడితే ఇంకా కుదురుకోలేదంటారు. రెండోది ఓడితే మిడ్‌ఫీల్డ్‌లో ఒక లోపాన్ని కనిపెడతారు. మూడోది కూడా పోతే, ఆ లోపం గురించి తాము రెండేళ్లుగా మొత్తుకుంటున్నామని గుర్తు చేసుకుంటారు. దాదాపు ఆ వేళకే, సెప్టెంబరులో, దేశాల జట్ల మ్యాచ్‌ల కోసం లీగ్ దాదాపు రెండు వారాలు ఆగిపోతుంది. ఆటగాళ్లు తలో దేశానికీ వెళ్లిపోతారు. ఆటగాళ్లను కొనేందుకూ అమ్మేందుకూ ఇచ్చే గడువు, అంటే ట్రాన్స్‌ఫర్ విండో కూడా అప్పటికే మూతపడి ఉంటుంది గనుక కొత్త స్ట్రైకర్ వస్తున్నాడంటూ జనవరి దాకా ఊరించే పుకారు సైతం ఉండదు. ఓటమిని మరిపించే మరో మ్యాచ్ లేక, పాయింట్ల పట్టిక ఒక్కటే ఆ రెండు వారాలూ కదలకుండా కళ్లెదుట నిలబడి ఉంటుంది. సీజన్ సర్వనాశనమైందన్న నిర్ధారణలు అత్యధికంగా వెలువడేది, నేను గమనించినంతలో, ఏ లీగ్ మ్యాచూ జరగని ఈ వ్యవధిలోనే. ఆట అడ్డం రాకపోతే ఆటను గురించిన ఆలోచన ఎంత నిశితంగా సాగుతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

వాదించేవారిలో అంతా అయిపోయిందనేవారిది పెద్ద పక్షం. వీరిని నిరాశావాదులనడం అన్యాయం. వీరంత ముందుచూపు గల మదుపరులు లోకంలో లేరు. ఆగస్టులోనే ఆశ వదులుకున్నవాడికి మే నెలలో నష్టమన్నది ఉండదు. జట్టు కింది డివిజన్‌కు దిగజారితే ‘నేను అప్పుడే చెప్పాను’ అనే హక్కు దక్కుతుంది, జట్టు కప్పు గెలిస్తే ఆ కప్పే దక్కుతుంది. ఆశ పెట్టుకున్నవాడు మాత్రం తొమ్మిది నెలలపాటు ప్రతి వారాంతమూ గుండె చిక్కబట్టుకుని కూర్చోవాలి. ఆఖరికి పెట్టుబడి తిరిగి వస్తుందన్న భరోసా కూడా లేదు. కనుక తొందరపడి తీర్పు చెప్పేవారి దృష్టి జట్టు భవిష్యత్తు మీద కన్నా సొంత మనశ్శాంతి మీదే ఉంటుందని నా అనుమానం. ఈ ఏర్పాటులో ఉన్న ఇబ్బందల్లా జట్టు నాలుగో మ్యాచ్ గెలిచినప్పుడు బయటపడుతుంది. గోల్ పడగానే అందరితోపాటు ఎగిరి గంతేసి, వెంటనే సర్దుకుని, ‘ఎదుటి జట్టు మరీ నాసిరకం’ అంటూ ముఖాన్ని మళ్లీ గంభీరంగా మార్చుకోవలసి వస్తుంది. ఇది శారీరకంగా కూడా శ్రమతో కూడిన పని.

రెండో పక్షం ఓపిక పట్టమనేవారిది. వీరి ఆయుధం ఎక్స్‌జీ, అంటే ప్రతి షాట్‌నూ ఎక్కడి నుంచి, ఏ పరిస్థితిలో కొట్టారన్న దాన్నిబట్టి అది గోల్ అయ్యే అవకాశాన్ని లెక్కగట్టి, వాటన్నింటినీ కూడితే వచ్చే అంకె. నిజానికి ఇది పనికివచ్చే లెక్కే. ఫుట్‌బాల్‌లో గోల్స్ అరుదు గనుక రెండు మూడు మ్యాచ్‌ల స్కోరులో అదృష్టం పాలు గణనీయంగా ఉంటుంది. ఎవరు ఎన్ని మంచి అవకాశాలు సృష్టించుకున్నారన్నది అంతకన్నా నమ్మదగిన సూచన. కానీ ఓపిక పక్షం చేతిలో పడ్డాక ఈ లెక్క సమాంతర లోకాన్ని సృష్టిస్తుంది. మైదానంలో 0-3తో ఓడిన మ్యాచ్‌ను ఆ లోకంలో 1.8-1.2తో గెలిచి, ఆ గెలుపును మనస్ఫూర్తిగా జరుపుకునేవారున్నారు. వీరి వద్ద ‘ప్రాసెస్’ అనే మంత్రం కూడా ఉంది. అది ఎప్పటికి పూర్తవుతుందని మాత్రం అడగరాదు. అడిగితే మీరు నిజమైన అభిమాని కారని తేలుస్తారు. ఇదంతా రిఫరీలూ, వారి నిర్ణయాలను వీడియోలో సరిచూసే వీఏఆరూ కలిసి పన్నిన కుట్ర అనే మూడో వర్గం ఒకటుంది గానీ, వారు ఇరుపక్షాల సభలకూ హాజరవుతారు గనుక విడిగా లెక్కించనక్కరలేదు.

చరిత్రను సాక్ష్యానికి పిలుద్దామనేవారికి 2021-22 సీజన్ ఒక్కటి చాలు. ఆ ఆగస్టులో ఆర్సెనల్ మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడింది: బ్రెంట్‌ఫర్డ్ చేతిలో 0-2, చెల్సీ చేతిలో 0-2, మాంచెస్టర్ సిటీ చేతిలో 0-5. ఒక్క గోలైనా కొట్టకుండా తొమ్మిది సమర్పించుకుని, 20 జట్ల పట్టికలో 20వ స్థానాన్ని అలంకరించింది. అదే ఉత్తర లండన్‌లో దానికి తరతరాల ప్రత్యర్థి అయిన టాటెన్‌హామ్ తన మూడు మ్యాచ్‌లనూ 1-0 తేడాతో గెలిచి పట్టికలో అగ్రస్థానాన కూర్చుంది. దాని మేనేజర్ నూనో ఎస్పిరిటో శాంటోకు ఆగస్టు నెల ఉత్తమ మేనేజర్ బహుమతి కూడా లభించింది. నేను కోరుతున్న సంస్కరణ అప్పటికే అమలులో ఉన్నట్లయితే, 1961 తర్వాత చేజిక్కని లీగ్ టైటిల్ టాటెన్‌హామ్‌కు కేవలం మూడు గోల్స్ ఖర్చుతో దక్కేది. అమలులో లేకపోవడం వల్ల జరిగిన అనర్థం చూడండి. నవంబరు 1న నూనోను ఉద్యోగంలోంచి తీసేశారు. అట్టడుగున పడి ఉన్న ఆర్సెనల్ మాత్రం తన మేనేజర్ మికెల్ అర్టెటాను కదపకుండా, ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ 69 పాయింట్లతో అయిదో స్థానానికి చేరింది. నాలుగో స్థానమూ, దానితో వచ్చే, యూరప్ అగ్రశ్రేణి క్లబ్‌ల పోటీ అయిన చాంపియన్స్ లీగ్‌లో ప్రవేశమూ 71 పాయింట్లు సాధించిన టాటెన్‌హామ్‌కే వెళ్లాయి.

అసలు రసవత్తరమైన ఘట్టం ఈ రెండు పాయింట్ల తేడాలో ఉంది. అట్టడుగు నుంచి అయిదో స్థానానికి రాగలిగిన జట్టుకు ఆగస్టు ఓటములు ఒక లెక్క కాదని ఓపిక పక్షం చాటవచ్చు. ఆగస్టులో ఒక్క మ్యాచ్ గెలిచి మూడు పాయింట్లు తెచ్చుకుని ఉన్నా నాలుగో స్థానం తమదే అయ్యేది గనుక సీజన్ పోయింది ఆగస్టులోనేనని అంతా అయిపోయిందనే పక్షం నిరూపించవచ్చు. కూడికలు రెండూ తప్పు లేకుండా సరిపోతాయి. తొమ్మిది నెలల ఫుట్‌బాల్ చూశాక కూడా ఎవరూ ఓడకుండా, ఎవరూ మాట మార్చుకోకుండా ఇరుపక్షాలూ విజేతలుగా బయటపడగలిగాయంటే, ఆ తొమ్మిది నెలల ఆటను ఎందుకు ఆడించినట్టు?

చెడు ఆరంభానికి లోకం ఎరిగిన ప్రాయశ్చిత్తం మేనేజర్‌ను సాగనంపడం. 2017లో క్రిస్టల్ ప్యాలెస్ ఫ్రాంక్ డి బోయర్‌ను నాలుగంటే నాలుగు లీగ్ మ్యాచ్‌లకే ఇంటికి పంపింది; నాలుగూ ఓటములే, కొట్టిన గోల్స్ సున్నా. ఆయన స్థానంలోకి వచ్చిన రాయ్ హాడ్జ్‌సన్, ఎంతో అనుభవజ్ఞుడు కావడం చేత, తొందరపడి ఏ మార్పూ తేకుండా తర్వాతి మూడు మ్యాచ్‌లను కూడా గోల్ లేకుండానే ఓడాడు. ఏడు మ్యాచ్‌లు, సున్నా గోల్స్, సున్నా పాయింట్లు. ఇంతటి నిష్కళంకమైన శూన్యం ఎదుట ఏ ఓపిక పక్షమైనా తలవంచవలసిందే. ఆ తర్వాత ఎనిమిదో మ్యాచ్‌లో ఆ జట్టు, క్రితం ఏటి చాంపియన్ అయిన చెల్సీని 2-1తో ఓడించి, సీజన్ ముగిసేసరికి 44 పాయింట్లతో 11వ స్థానంలో నిశ్చింతగా కూర్చుంది. ఇదే క్లబ్ 2024-25లో మొదటి ఎనిమిది లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటీ గెలవలేదు. ఈసారి మేనేజర్ ఒలివర్ గ్లాస్నర్‌ను తీసేయలేదు. 2025 మే 17న వెంబ్లీలో మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి, లీగ్‌తో సంబంధం లేని నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్ గెలుచుకుంది. అది ఆ క్లబ్ చరిత్రలోనే మొదటి పెద్ద ట్రోఫీ. మేనేజర్‌ను తీసేస్తే బాగుపడతామా, ఉంచుకుంటే బాగుపడతామా అన్న ప్రశ్నకు ప్యాలెస్ అనుభవం ‘అవును’ అని స్పష్టంగా జవాబిస్తోంది.

ప్రపంచ కప్‌లోనైతే గ్రూప్ దశలో ఆడేవే మూడు మ్యాచ్‌లు గనుక తీర్పు మరింత త్వరగా ఇవ్వవలసి ఉంటుంది. అభిమానులు ఆ ఒత్తిడికి ఏనాడూ వెనుదీయలేదు. 1982లో ఇటలీ తొలి మూడు మ్యాచ్‌లనూ డ్రా చేసుకుంది. 2010లో స్పెయిన్ తొలి మ్యాచ్‌లోనే స్విట్జర్లాండ్ చేతిలో 0-1తో, 2022లో అర్జెంటీనా సౌదీ అరేబియా చేతిలో 1-2తో ఓడాయి. మూడు జట్ల మీదా సంతాప తీర్మానాలు సకాలంలో ఆమోదం పొందాయి. ఆ మూడు జట్లూ కప్పు గెలిచి, తీర్మానాలు రాసినవారిని తీవ్ర అసౌకర్యానికి గురిచేశాయి.

ఏ జట్టుకు ఏ ఆశ పోయిందని మాత్రం ఈ చర్చలలో ఎవరూ అడగరు. నా దృష్టిలో అడగవలసిన ప్రశ్న అదొక్కటే. 38 మ్యాచ్‌లలో సాధించగలిగిన గరిష్ఠ పాయింట్లు 114. మాంచెస్టర్ సిటీ 2017-18లో సరిగ్గా 100 పాయింట్లతో టైటిల్ గెలిచింది; అంటే ఏడాది మొత్తంలో పోగొట్టుకున్నవి 14. మరుసటి ఏడు లివర్‌పూల్ ఒకే ఒక్క మ్యాచ్ ఓడి, 97 పాయింట్లు తెచ్చుకుని కూడా, 98 సాధించిన సిటీ వెనుక రెండో స్థానంతో సరిపెట్టుకుంది. అలాంటి పోటీలో ఉన్న జట్టు మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడి తొమ్మిది పాయింట్లు వదులుకుంటే దాని అభిమాని తల పట్టుకోవడంలో అతిశయోక్తి లేదు. అదే, కింది డివిజన్‌కు జారిపోకుండా ఉంటే చాలనుకునే జట్టు సంగతి వేరు. వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్ 2004-05లో క్రిస్మస్ నాటికి అట్టడుగున ఉండి, చివరికి 34 పాయింట్లతో బతికి బయటపడింది; 114లో 80 పోగొట్టుకున్న జట్టుకు ఆగస్టులో తొమ్మిది ఒక గాయమే కాదు. అయినా రెండు రకాల జట్ల అభిమానుల ఆక్రందనా ఒకే స్థాయిలో వినిపిస్తుంది. మధ్యలో ఉండే జట్లు, అంటే టైటిల్ రాదనీ దిగజారబోమనీ ముందే తెలిసినవి, మరీ పెద్దగా రోదిస్తాయి. పోవడానికి ఏమీ లేనప్పుడు దుఃఖానికి కొలమానం ఉండదు కాబోలు.

నిష్పక్షపాతం కోసం ఒక విషయం ఒప్పుకోవాలి: అప్పుడప్పుడు తీర్పు నిజమవుతుంది కూడా. 2020-21లో షెఫీల్డ్ యునైటెడ్ తొలి 17 లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటీ గెలవక రెండే పాయింట్లతో మిగిలింది, చివరికి దిగజారింది. అయితే అక్కడ తేల్చినవి 17 మ్యాచ్‌లు, మూడు కావు. ఇక ఆరంభం బాగుంటే చాలనుకునేవారు 2008-09 నాటి హల్ సిటీని తలచుకోవాలి. తొలి తొమ్మిది మ్యాచ్‌లలో 20 పాయింట్లు సంపాదించిన ఆ జట్టుకు మిగిలిన 29 మ్యాచ్‌లలో వచ్చినవి 15. చివరి మూడు జట్లు దిగజారే పట్టికలో మొత్తం 35తో 17వ స్థానంలో, ఒక్క మెట్టు తేడాతో గండం గడిచింది. ఆ అక్టోబరులో యూరప్ పోటీలకు ప్రయాణ ఏర్పాట్లు మొదలుపెట్టినవారు ఎవరైనా ఉంటే, వారికి నా సానుభూతి.

ఈ సాక్ష్యాలన్నింటినీ పరిశీలించిన మీదట నేను ఒక ముసాయిదా సిద్ధం చేశాను. దాని ప్రకారం ప్రతి జట్టూ మూడు మ్యాచ్‌లు ఆడిన వెంటనే లీగ్‌ను నిలిపివేసి, పట్టికను ఖరారు చేసి, మిగిలిన ఎనిమిది నెలలనూ పూర్తిగా చర్చకు కేటాయిస్తారు. టిక్కెట్లు యథావిధిగా అమ్ముతారు. అభిమానులు స్టేడియంలో తమతమ సీట్లలోనే కూర్చుని మిడ్‌ఫీల్డ్ లోపాల మీద వాదించుకుంటారు, రిఫరీ 45 నిమిషాలకోసారి ఈల వేసి పక్షాలను అటూ ఇటూ మారుస్తాడు. గాయాల బెడద ఉండదు. చర్చ మధ్యలో పొరపాటున ఎవరైనా బంతి తెచ్చి ఆడడం మొదలుపెడితే, దాని ఫలితాన్ని చర్చలో ప్రస్తావించడం నిషేధం. ఆగస్టులో ఇచ్చిన తీర్పును మే నెలలో వెనక్కి తీసుకోదలచినవారికోసం ఒక దరఖాస్తు ఫారం కూడా పెట్టాలని కొందరు సూచించారు గానీ, ఇంతవరకు ఏ సీజన్‌లోనూ ఒక్కరైనా అడిగిన దాఖలా లేకపోవడంతో అచ్చు ఖర్చు ఎందుకని ఆ పద్దును కొట్టేశాను.