క్లచ్ పెడల్ గారికి, ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కలేకపోయినవాడు రాయునది

మహారాజశ్రీ క్లచ్ పెడల్ గారి సముఖానికి,

హనుమకొండ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మా బామ్మర్ది మెడ ఒక్కటి తప్ప. చూసేవాళ్లకు నేను తమరిని రోజూ తొక్కుతున్నట్టు కనిపిస్తుంది గానీ, ఆరు నెలలుగా కాళ్లు పట్టుకుంటున్నది నేనే.

నిన్న సాయంత్రం ఫాతిమానగర్ బ్రిడ్జి మీద జరిగింది తమరికి గుర్తుండే ఉంటుంది. ముందు ఆర్టీసీ బస్సు, వెనక టమాటాల ట్రాలీ ఆటో, మధ్యలో మన ఎర్ర స్పోర్ట్స్ కారు. ఎక్కుడులో ఆగాం. బస్సు కదిలింది. నేను కాలు ఎత్తాను. తమరు ఆలోచనలో పడ్డారు. ఇంజన్ ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసి మళ్లీ ఎత్తాను. ఈసారి కప్పలా ఒక్క గెంతు గెంతి ఆగింది. మూడోసారి భయంతో రేజ్ ఎక్కువ ఇచ్చాను. బండి కదల్లేదు, వాసన మాత్రం వచ్చింది. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్లో నిలబడితే నీళ్లు కళ్లలోంచి వస్తాయి. క్లచ్ ప్లేటు కాలిన వాసనకు పర్సులోంచి వస్తాయి. ఆటోవాలా దిగి, అద్దం దగ్గరికి వచ్చి, ఎంతో మర్యాదగా అడిగాడు. "అన్నా, నేను తీయాల్నా?"

అదీ ఓర్చుకున్నాను. పక్క సీట్లో మెడ పట్టుకుని కూర్చున్న బామ్మర్ది మాటే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. "బావా, ఆటోమేటిక్ తీస్కోరాదు?"

అయ్యా, సెకండ్ హ్యాండ్‌లోనే అయినా, అప్పు చేసి మాన్యువల్ కొన్నది ఈ మాట పడడానికా? మూడో గేరు నుంచి రెండుకు దిగేటప్పుడు ఇంజన్ ఒక్కసారి గొంతు సవరించుకుంటే వినాలని కదా!

శనివారం మిమ్మల్ని డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాను. "పది నిమిషాల పనే అన్నా" అన్నాడు మెకానిక్. మధ్యాహ్నం పన్నెండింటి నుంచి సాయంత్రం ఆరు దాకా అక్కడి ప్లాస్టిక్ కుర్చీలో నాలుగు చాయ్‌లు తాగాను. చివరికి గల్లీలో రెండు రౌండ్లు కొట్టి వచ్చి, "కేబుల్ టైట్ చేసిన, ఇగ మస్తుగుంటది" అన్నాడు. పద్దెనిమిది వందలు ఇచ్చి ఇంటికొచ్చాక వెలిగింది. మీరు ఆయిల్ మీద నడిచే క్లచ్. మీకు కేబులే లేదు! ఆరు గంటలు అతను బిగించింది ఏమిటో దేవుడికే తెలియాలి.

నేర్పినవాళ్ల సంగతీ ఇంతే. డ్రైవింగ్ స్కూల్లో పక్క సీటు కిందా ఒక క్లచ్ ఉండేది. ఇరవై రోజులూ అసలు పని ఆ సారు కాలే చేసింది. బండి ఎంత మెత్తగా కదులుతోందో చూసి నేనే మురిసిపోయాను.

ఇక మర్యాద నా వల్ల కాదు. నువ్వు ఒట్టి మధ్యవర్తివి. నేను తొక్కితే మాస్టర్ సిలిండర్, అక్కణ్నుంచి పైపులో ఆయిల్, ఆ చివర స్లేవ్ సిలిండర్. అది బేరింగును నెడితే ఇంజన్‌ను పట్టుకున్న ప్లేటు విడిపోతుంది. కాలు తీస్తే ఆయిల్ వచ్చిన దారినే వెనక్కి రావాలి. పోయేటప్పుడు దారి సాఫీగానే ఉంటుంది. తిరిగొచ్చే దారిలోనే ఎవరో మహానుభావులు సన్నటి రంధ్రం ఉన్న వాల్వ్ ఒకటి కూర్చోబెట్టారు. పార్టుల బొమ్మలో నా కళ్లతో చూశాను. ఆ సందులోంచి ఆయిల్ పెళ్లి నడక నడుస్తూ వస్తుంది. నీ మీద నుంచి కాలు తీసి పక్కన పెట్టుకున్నాక కూడా అక్కడ ప్లేటు జారుతూనే ఉంటుంది. ఎందుకయ్యా అంటే, చేతగానివాళ్లు ఠక్కున కాలు వదిలేస్తే గేర్‌బాక్సుకూ యాక్సిళ్లకూ దెబ్బ తగులుతుందట! ఊళ్లో ఒకడు తాగి బావిలో పడ్డాడని ఊరందరికీ కల్లు బంద్ పెట్టినట్టు.

నేను ఎప్పుడు వదిలానో నాకు తెలుసు. అది ఎప్పుడు పట్టుకుంటుందో తెలియదు. నా పరువంతా ఆ రెప్పపాటులోనే పోతోంది. ఒకటి నుంచి రెండుకు వేస్తాను. కాలు తీశాను కదా, ప్లేటు పట్టుకుందనుకుని రేజ్ ఇస్తాను. అది ఇంకా పట్టుకోలేదు. ఇంజన్ గాల్లో అరుస్తుంది. అరిచాక పట్టుకుంటుంది. బామ్మర్ది మెడ ముందుకూ వెనక్కూ. తాపీగా నడిపేవాడికి నీ మోసం తెలియనే తెలియదు. నేర్చుకోవాలనుకున్నవాడికే ఈ శిక్ష! స్పోర్ట్స్ కారు అని బోర్డు పెట్టి, నడిపేవాడి కాలిని నమ్మకపోవడం ఏమి న్యాయం? అంత అనుమానం ఉన్నవాళ్లు గేరు రాడ్ మాత్రం నా చేతికి ఎందుకిచ్చారు?

అది చాలదన్నట్టు నీ మెడ దగ్గర ఒక స్ప్రింగు. రాత్రి టార్చ్ పట్టుకుని డ్యాష్‌బోర్డు కింద తలకిందులుగా దూరి చూశాను. సగం దాకా కాలిని ఎదిరిస్తుంది, సగం దాటాక తనే లోపలికి గుంజుకుంటుంది. ట్రాఫిక్‌లో కాలు నొప్పి పుట్టకుండా అట. సంతోషం. మరి ప్లేటు పట్టే చోట నా అరికాలికి తగులుతున్నది ప్లేటు బరువా, స్ప్రింగు బరువా?

ఒక్క విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటాను. నీ ఆయిల్ గాలిలోని తేమను తాగుతుంది, రెండేళ్లకోసారి మార్చాలి. బ్రేకులకూ నీకూ డబ్బా ఒకటే. గుర్తుపెట్టుకోవడానికి మాకు ఇంతకన్నా సులువైన లెక్క లేదు, మేడారం జాతర వచ్చిన ఏడల్లా మార్చడమే. మొన్న జాతరకు ఇదే కారులో పోయాం, గద్దెల దగ్గర బెల్లం బంగారం సమర్పించి వచ్చాం. నీ డబ్బా మూత మాత్రం ఎవరూ తీయలేదు. రాత్రి తీసి చూస్తే లేత పసుపులో తేటగా ఉండాల్సిన ఆయిల్ చాయ్ డికాషన్‌లా ఉంది.

ఇవాళ తెల్లవారుజామున బాపు "తాళం తే" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. స్లిప్పర్లు విప్పి పక్కన పెట్టాడు. సీటు ముందుకు జరిపాడు, నిన్ను పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండేలా. హంటర్ రోడ్డు మీద చదునుగా ఉన్న చోట ఆపి, "రేజ్ ముట్టకు. ఉత్త క్లచ్ మీదనే కదిలియ్యి. పదిసార్లు చెయ్యి, అదెక్కడ పడ్తదో నీ కాలుకే ఎరుకైతది" అన్నాడు. గేర్ రాడ్‌ను పిడికిలితో పట్టుకుంటే చేతి మీద ఒకటిచ్చాడు. "అడిగితే ఇస్తది, గుంజుకుంటే ఇయ్యది." రెండు నుంచి మూడుకు వేళ్లతో తోస్తే చాలట, న్యూట్రల్లో వదిలితే రాడ్ తనే నడిమికి వస్తుంది. గేరు దించేటప్పుడు న్యూట్రల్లో కాలు ఎత్తి, ఓ చిన్న రేజ్ ఇచ్చి, మళ్లీ నిన్ను తొక్కి కింది గేరు వేశాడు. ఈ తంటా లేకుండా గేరు పళ్ల వేగాలు తనే కలిపే సింక్రోమెష్ కాడిలాక్ కార్లలోకి 1928లోనే వచ్చింది. బాపు నడిపిన పాత బస్సులకు ఆ కబురు అందలేదు.

తర్వాత అదే బ్రిడ్జి. ఖాళీగా ఉంది. ఎక్కుడులో కావాలని ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, కదిలించబోయాడు. ఇంజన్ ఆగిపోయింది!

నా ప్రాణం ఎంత చల్లబడిందో నీకు చెప్పలేను.

బాపు మాట్లాడలేదు. రెండోసారి రేజ్ కదలకుండా పట్టుకుని, నీ మీద నుంచి కాలు కొద్దిగా లేపి, అక్కడే ఆపి, నోట్లో లెక్కపెట్టాడు. ఒకటి, రెండు. కారు ముక్కు కొంచెం లేచింది. అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించాడు. చప్పుడు లేకుండా ఎక్కేసింది. పైకి చేరాక అన్నాడు, "కాలు లేపిన సంగతి దీనికి గప్పుడే తెలుస్తలేదురా. ఉత్తరం రాయాలె."

అందుకే రాస్తున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు నేను నడిపాను. బాపు పక్కన కూర్చుని "ఒకటి, రెండు" అంటున్నాడు. భద్రకాళి చెరువు పక్క మలుపులో మూడు నుంచి రెండుకు దించాను. రేజ్ సరిగ్గా అందింది, నువ్వూ ఆ ఒక్కసారి టైముకు వచ్చావు. కుదుపు లేదు. ఇంజన్ గొంతు సవరించుకుంది. బాపు లెక్క ఆపి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత నాలుగుసార్లు గెంతావు, అది వేరే సంగతి.

ఈ ఆదివారంలోగా ఆయిల్ మారుస్తున్నాను, గాలి బుడగలు లేకుండా దగ్గరుండి తీయిస్తాను. తర్వాత స్ప్రింగు. ఆ తర్వాత వాల్వ్, దాని ముందు కూర్చుని మాట్లాడదాం. బామ్మర్ది దసరాకు మళ్లీ వస్తాడు. బ్రిడ్జి మీదుగానే తీసుకొస్తాను. ఆ రోజు ఏ ఆటోవాలా అయినా బండి దిగాడో, నీ సంగతి చెప్తా.

ఇట్లు,
నీ ఎడమకాలు

తా.క.: ఇది రాస్తుండగా బాపు పాల ప్యాకెట్ తెస్తానని తాళం తీసుకుని పోయాడు. గంటన్నర అయింది. పాల దుకాణం మా గల్లీ చివరే ఉంది.