ఏ రిపబ్లికన్ అండీ?

"ఇంతకీ రిపబ్లికన్లు మనవైపా, కాదా?" పుట్టినరోజు పార్టీకి ఎవరింటికెళ్ళినా, భోజనాలయ్యాక గరాజులో కుర్చీలు వేసుకుని మేం తేల్చలేకపోయే ప్రశ్న ఇది. కాంగ్రెస్‌లో గ్రూపులు చూస్తూ పెరిగినవాళ్ళం. జిల్లాలో ఎవరు ఎవరి మనిషో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. అమెరికా వచ్చి పాతికేళ్ళయినా ఇక్కడి పార్టీని మాత్రం ఒకే మనిషన్నట్టు మాట్లాడుతుంటాం. సంఘం పత్రిక కాబట్టి ఎవరికి ఓటేయాలో నేను చెప్పను. అడిగే ప్రశ్నే తప్పని మాత్రం అంటాను.

2024 డిసెంబరు గుర్తుందా? ట్రంప్ గెలిచాడు, ఇంకా ప్రమాణం చేయలేదు. చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ను ఏఐ సలహాదారుగా ఎంచుకున్నాడు. గ్రీన్ కార్డుల్లో దేశాలవారీ పరిమితి తీసేస్తే మంచిదని కృష్ణన్ అంతకుముందు అన్న మాటను ట్రంప్ వీరాభిమాని లారా లూమర్ తవ్వి తీసింది. అంతే, సొంత ఇంట్లోనే యుద్ధం. విదేశీ నిపుణులు రావాలంటూ మస్క్, మన మూలాలున్న రిపబ్లికన్ నాయకుడు వివేక్ రామస్వామి ఒకవైపు, వాళ్ళు వచ్చే హెచ్-1బి ఉద్యోగ వీసా అంతా మోసమంటూ ట్రంప్ పాత సలహాదారు స్టీవ్ బానన్ ఇంకోవైపు. అమెరికా సంస్కృతి ప్రతిభకన్నా సాదాసీదాతనాన్ని నెత్తిన పెట్టుకుందని రామస్వామి రాస్తే మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకైతే చిరాకేసింది. ఓట్లేసి గెలిపించినవాళ్ళ పిల్లల్ని పట్టుకుని మీకు చదువు రాదంటే ఎవరూరుకుంటారు?

చివరికి ట్రంప్ ఆ వీసాలు తనకిష్టమేనన్నాడు. మనం ఊపిరి పీల్చుకున్నాం. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి దరఖాస్తుకు 1,00,000 డాలర్లు కట్టాలని ఆయనే సంతకం పెట్టాడు. పాత వీసాలవాళ్ళకు వర్తించదని మర్నాడు స్పష్టం చేసేదాకా, సెలవుకని హైదరాబాద్ వెళ్ళినవాళ్ళ టెన్షన్ అంతా ఇంతా కాదు. మాట మార్చాడని తిట్టుకుంటే సగమే అర్థమైనట్టు. ఆయన రెండు చెవుల దగ్గరా రెండు గ్రూపులున్నాయి, ఆ తగవు ఆయనకన్నా పాతది.

1955లో విలియం బక్లీ 'నేషనల్ రివ్యూ' అనే కన్జర్వేటివ్ పత్రిక పెట్టినప్పుడు వ్యాపారానికి అడ్డు ఉండకూడదనేవాళ్ళు, మతం, సంప్రదాయం నిలబడాలనేవాళ్ళు, సోవియట్‌ను ఎదిరించాలనేవాళ్ళు ఒక గూటికి చేరారు. కట్టి ఉంచిన తాడు కమ్యూనిజం మీద భయం. అది తెగకముందే పగుళ్ళు కనబడ్డాయి. 1981లో రీగన్ హయాంలో, మానవీయ శాస్త్రాలకు నిధులిచ్చే జాతీయ సంస్థ అధిపతిగా ఎం.ఇ. బ్రాడ్‌ఫర్డ్ పేరు ముందుకొచ్చింది. ఆయన పాఠాలు చెప్పింది యూనివర్సిటీ ఆఫ్ డాలస్‌లో, అంటే మన బిర్యానీ హోటళ్ళు కిక్కిరిసిన ఇర్వింగ్ ఊళ్ళోనే. లింకన్‌ను తప్పుపట్టిన దక్షిణాది సంప్రదాయవాది. అర్వింగ్ క్రిస్టల్ లాంటి నియోకాన్‌లు, అంటే లిబరల్ గూడు వదిలి కొత్తగా ఇటు చేరినవాళ్ళు, అడ్డుపడ్డారు, పదవి విలియం బెనెట్‌కు పోయింది. చిన్న పదవే కానీ ఆ కడుపుమంట చల్లారలేదు. పేలియోకాన్‌లని, అంటే పాతకాలపు కన్జర్వేటివ్‌లని, తర్వాత పిలిపించుకున్నది ఆ ఓడిన వర్గమే.

తగవులో అసలు సంగతి ఒకటే. అమెరికా అంటే ఎవరైనా ఒప్పుకుని చేరగల ఒక ఆలోచనా, లేక ఒక నేల, ఒక వంశ చరిత్ర ఉన్న జనమా? మొదటిదంటే మనకు చోటుంది. రెండోదంటే మనం ఎంత చక్కగా పన్నులు కట్టినా చుట్టాలమే.

సరిహద్దులు తెరిచే ఉండాలని రాజ్యాంగ సవరణ చేయమని 1984లో 'వాల్ స్ట్రీట్ జర్నల్' సంపాదకీయం రాసింది. అది కూడా కన్జర్వేటివ్ పత్రికే! మనలో చాలామందిని ఇక్కడికి తెచ్చిన హెచ్-1బి పుట్టింది 1990 చట్టంలో, సంతకం సీనియర్ బుష్‌ది. రెండేళ్ళు తిరక్కుండానే పేలియోకాన్‌ల నాయకుడు పాట్ బుకానన్ పార్టీ అభ్యర్థిత్వం కోసం ఆ బుష్ మీదే పోటీకి దిగి న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో దాదాపు 37 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. పన్నుల మీద బుష్ మాట తప్పాడన్న కోపం సరే, సరిహద్దులో కంచె కట్టాలన్న మాట కూడా ఆ ప్రచారంలోనే వినబడింది.

ఇక్కడే నాకొక ఇబ్బంది ఉంది. 2003లో ఇరాక్ యుద్ధం వద్దని మొత్తుకున్న కన్జర్వేటివ్ ఈ బుకాననే. యుద్ధం కావాలన్నవాళ్ళు, దేశభక్తి లేనివాళ్ళంటూ ఆయన గుంపును 'నేషనల్ రివ్యూ'లో వెలివేశారు. అప్పుడు నేను హెచ్-1బి మీద ఉన్నాను. రాత్రిపూట ఆయన వ్యాసాలు చదివి తలూపేవాణ్ణి. ఆయన మాట చెల్లి ఉంటే ఆ వ్యాసాలు చదవడానికి నేను ఈ దేశంలో ఉండేవాణ్ణే కాదు. నాకు తలుపు తీసినవాళ్ళలో కొందరు లక్షలమంది ఇళ్ళు కూల్చే యుద్ధాన్ని సమర్థించారు. తలుపు మూయమన్నవాడు యుద్ధం విషయంలో నిజం చెప్పాడు. 2025 జూన్‌లో ఇరాన్ మీద బాంబులు వేసినప్పుడూ అదే చీలిక: కన్జర్వేటివ్ వ్యాఖ్యాతల్లో మార్క్ లెవిన్ వేయాలన్నాడు, టక్కర్ కార్ల్‌సన్ వద్దన్నాడు. ఈ లెక్కలో మనకు పూర్తిగా నచ్చే గ్రూపు దొరకదు.

ట్రంప్ ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ సంగతి చూడండి. ఆయన భార్య ఉషగారి తల్లిదండ్రులు తెలుగువాళ్ళని "మన అల్లుడు" అంటూ వాట్సాప్‌లో దండలు వేశాం. 2024లో మిల్వాకీలో జరిగిన పార్టీ మహాసభలో ఆ అల్లుడు అన్నది, అమెరికా ఒట్టి ఆలోచన కాదు, ఉమ్మడి చరిత్ర ఉన్న జనమని. కొత్తవాళ్ళు మన షరతుల మీదే రావాలని కూడా అన్నాడు. అత్తారింటిని ప్రేమగానే తలుచుకున్నాడు, అయినా ఆయన నిలబడ్డ గ్రూపు ఏదో ఆ మాటల్లోనే ఉంది.

గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితి తీసేయడానికి సెనేట్‌లో ఏళ్ళ తరబడి తిరిగినవాడు యూటా రిపబ్లికన్ మైక్ లీ. 2019లో దిగువ సభ 365–65 తేడాతో ఒప్పుకుంది. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది, రెండూ కలవక బిల్లు పోయింది. అందుకే ఇప్పుడు అభ్యర్థి ఎవరొచ్చినా నేను ఈ 7 శాతం గురించే అడుగుతున్నాను. ఒకాయన "లీగల్‌గా వచ్చినవాళ్ళంటే మాకెంతో గౌరవం" అని భుజం మీద చెయ్యేసి ఫోటో దిగాడు. ఇంకొకాయన పరిమితి ఉండాల్సిందేనని మొహం మీదే చెప్పాడు. రెండో ఆయనకు ఓటు వేయలేదు కానీ, ఆయన ఏ గ్రూపో నాకు తెలుసు. మొదటాయనది ఇప్పటికీ తెలియదు.