అత్యవసర నంబరు భర్తదే అయినప్పుడు

ఉద్యోగంలో చేరిన రోజు నింపే ఫారంలో ‘అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి’ అనే గడి ఒకటి ఉంటుంది. పెళ్లయిన మహిళల్లో చాలామంది అందులో భర్త నంబరే రాస్తారు. లాయరును కలవడానికి ఇంట్లో చెప్పకుండా ఒక పూట సెలవు పెట్టిన రోజున, ఏదో కాగితం కోసం హెచ్‌ఆర్ విభాగం నుంచి ఆ నంబరుకు ఫోన్ వెళ్లి, ‘మేడమ్ మధ్యాహ్నమే వెళ్లిపోయారండీ’ అన్న మాట ఆయన చెవిన పడితే, ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఫోన్ చేసిన ఉద్యోగికి దురుద్దేశమేమీ లేదు. అలా చేయకూడదని ఆ మనిషికి ఎవరూ నేర్పలేదు, అంతే. గృహహింస బాధితులతో ఎలా మెలగాలో సంస్థలు తమ సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని అనేది అందుకే.

2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 18 నుంచి 49 ఏళ్లలోపు వివాహితల్లో భర్త చేతిలో హింసకు గురైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. హింసను ఎదుర్కొన్నవారిలో సాయం కోరినవారు దేశం మొత్తం మీద 14 శాతమే. అంటే ప్రతి పెద్ద సంస్థలోనూ ఈ బాధితులు ఉన్నారు, నోరు మాత్రం విప్పడం లేదు.

పనిచోట లైంగిక వేధింపులపై 2013 చట్టం వచ్చాక, పదిమంది లేదా అంతకుమించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా అంతర్గత కమిటీ వేయాల్సి వచ్చింది, అవగాహన తరగతులూ మొదలయ్యాయి. ఇంట్లో దెబ్బలు తిన్న మనిషి వస్తే మాత్రం ‘అది మా పరిధి కాదమ్మా’ అనే జవాబే వినిపిస్తోంది. కమిటీ వరకు ఆ మాట నిజమే కావచ్చు. సంస్థ మొత్తానికి అదే వర్తిస్తుందనుకోవడం పొరపాటు. 2005 నాటి గృహహింస చట్టంలోని 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఇచ్చే రక్షణ ఉత్తర్వు, బాధితురాలు పనిచేసే చోటికి హింసించిన వ్యక్తి రాకుండా నిషేధించగలదు. దాన్ని ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, లేదా 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. హింస జరుగుతోందని నమ్మే కారణం ఉన్న ఎవరైనా ఈ చట్టం కింద నియమితులైన రక్షణాధికారికి తెలపవచ్చనీ, సదుద్దేశంతో తెలిపినవారిపై ఏ కేసూ నిలవదనీ 4వ సెక్షన్ చెబుతోంది. ఈ రెండు సెక్షన్లూ తెలిసిన హెచ్‌ఆర్ అధికారులు ఎందరున్నారన్నది మా సందేహం.

శిక్షణ అంటే హెచ్‌ఆర్ ఉద్యోగిని కౌన్సెలరుగానో పోలీసుగానో మార్చడం కాదు. చెప్పింది నమ్మి వినడం, ‘ఎందుకు కొట్టాడు’ అని ఆరా తీయకపోవడం, ఆమె సమ్మతితో, హింస బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికో 181 మహిళా హెల్ప్‌లైన్‌కో దారి చూపడం చాలు. అన్నిటికంటే ముందు మాన్పించాల్సింది, దంపతులిద్దరినీ కూర్చోబెట్టి సర్దిచెప్పే పెద్దమనిషి అలవాటును. అది మనలో బాగా నాటుకుపోయింది. జీతాల గుమాస్తాకూ ఈ పాఠం కావాలి. ఏటీఎం కార్డు భర్త జేబులో ఉన్నప్పుడు, జీతం వేరే ఖాతాకు మార్చమని ఆమె అడిగితే కారణాలు గుచ్చిగుచ్చి అడగకుండా, ఇంటికి కబురు వెళ్లకుండా ఆ పని చేసిపెట్టాలి. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుకు మరీ ముఖ్యం. భర్త చంకలో బిడ్డతో వచ్చి, ‘పాపకు జ్వరం, ఒక్కసారి పిలవండన్నా’ అంటే ఎవరి మనసైనా కరుగుతుంది. రక్షణ ఉత్తర్వు నకలు గేటు దగ్గర లేకపోతే, అందులో ఏముందో గార్డుకు చెప్పకపోతే, కోర్టు ఇచ్చిన రక్షణ ఆ గేటు దగ్గరే వీగిపోతుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందం, గృహహింస ప్రభావం పని ప్రపంచంపైనా పడుతుందని గుర్తించి, వీలైనంత వరకు దాన్ని తగ్గించాలని సభ్యదేశాలను కోరింది. భారత్ దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. ఆస్ట్రేలియాలో బాధితులకు ఏటా పది రోజుల వేతన సెలవు ఉంది. పే స్లిప్పులో ఆ సెలవు పేరు కనిపించకూడదన్న నిబంధన కూడా పెట్టారు, ఎందుకంటే ఆ కాగితం ఇంట్లో ఎవరి చేతికి చిక్కుతుందో తెలియదు. శిక్షణలో నేర్పాల్సింది ఇలాంటి జాగ్రత్తలనే.

ఖర్చు భారమని చిన్న సంస్థలు అనవచ్చు. లైంగిక వేధింపుల చట్టం కింద ఎలాగూ జరిగే తరగతికి ఒక పూట కలిపితే కొత్త ఖర్చు పెద్దగా ఉండదు. సఖి కేంద్రాల సిబ్బంది చేత ఆ పాఠం చెప్పించే బాధ్యతను రెండు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ, కార్మిక శాఖలు తీసుకోవాలి. దుస్తుల కర్మాగారాలు, ఔషధ కంపెనీలు, ఐటీ కార్యాలయాల వంటి మహిళలు ఎక్కువగా పనిచేసే చోట్ల దాన్ని ఈ ఏడాదే మొదలుపెట్టాలి.