సమాధి రాయి ఫొటో ఒక్కటీ చాలదు, ఆ ఫార్వర్డ్‌ని నమ్మకండి

వంశవృక్షం తయారు చేసుకునేవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: సమాధి రాయి మీద ఉన్నదే తిరుగులేని సాక్ష్యం, రాయి లేకపోతే మనిషిని అక్కడ పూడ్చనట్టే, అక్షరాలు కనబడకపోతే షేవింగ్ క్రీమ్ పూయండి, మీదున్న గులకరాళ్లు తీసేసి ఫొటో కొట్టండి, చనిపోయినవాళ్లకి ప్రైవసీ ఉండదు కాబట్టి దొరికిందల్లా అప్‌లోడ్ చేసేయండి. ఇందులో ఉన్నదున్నట్టు పాటించదగ్గది ఒక్కటీ లేదు.

తిరుగులేని సాక్ష్యమా? రాయిని ఖననం రోజునే పెట్టరు. డబ్బు సమకూరాక ఏళ్లకి పెట్టించినవీ, పాతది విరిగిపోతే మనవలు తమకు గుర్తున్నంతలో మళ్లీ చెక్కించినవీ బోలెడు. భార్యాభర్తల పేర్లు కలిపి చెక్కిన రాయి చూడండి. ఆయనకి పుట్టిన, చనిపోయిన సంవత్సరాలు రెండూ ఉంటాయి, ఆవిడకి పుట్టిన సంవత్సరం, ఒక గీత, ఆ పక్కన ఖాళీ. వెంటనే "ఈవిడ బతికే ఉన్నారు" అని రాసేస్తారు! ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకుని ఇంకోచోట సమాధి అయ్యుండొచ్చు, లేదా అక్కడే ఉన్నా తేదీ చెక్కించే దిక్కు లేకపోయి ఉండొచ్చు. అసలు కింద ఎవరూ లేని కట్టడాలూ ఉన్నాయి. బెల్జియంలో మొదటి ప్రపంచ యుద్ధ స్మారకం మెనిన్ గేట్ మీద 54,000 పైచిలుకు సైనికుల పేర్లు చెక్కారు, సమాధి ఎక్కడో తెలియనివాళ్ల కోసమే దాన్ని కట్టారు.

రాయి లేకపోతే మనిషి లేనట్టే అనేది ఇంకా అన్యాయం. పేదవాళ్లలో చాలామందికి రాయి పెట్టే స్తోమతే లేదు, చెక్క గుర్తులు పుచ్చిపోయాయి. జర్మనీలో సమాధి స్థలాన్ని మామూలుగా 20, 30 ఏళ్లకే ఇస్తారు, గడువు పొడిగించకపోతే రాయి తీసేసి ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అప్పుడు దిక్కు ఖననాల రిజిస్టరే. అలాగని రిజిస్టర్‌లో అన్నీ ఉండవు. ఇంగ్లండ్ చర్చిల్లో 1813 నుంచి వాడిన అచ్చు ఫారంలో పేరు, నివాసం, ఖననం తేదీ, వయసు, ప్రార్థన జరిపించిన పాదిరి సంతకం, అంతే. చనిపోయిన తేదీకి గడే లేదు. ఖననం తేదీని తెచ్చి మరణం తేదీ అని ఎక్కించేవాళ్లు ఇది గమనించాలి.

షేవింగ్ క్రీమ్ జోలికి మాత్రం దయచేసి పోకండి. అందులోని స్టియరిక్ యాసిడ్ ఎంత కడిగినా రాయి సూక్ష్మరంధ్రాల్లో ఉండిపోతుంది, పాత పాలరాయికీ సున్నపురాయికీ అది చేటు. వైర్ బ్రష్ అయితే అక్షరాలనే గీకేస్తుంది. ఒక అద్దం పట్టుకెళ్లి ఎండని పక్కనుంచి ఏటవాలుగా రాయి మీద పడేలా తిప్పండి, చెక్కిన గాడుల్లో నీడ నిలబడి అక్షరాలు తేలతాయి. ఖర్చూ లేదు, టెన్షనూ లేదు.

గులకరాళ్ల సంగతి: యూదుల సమాధుల మీద వాటిని పెట్టేది వచ్చి తలుచుకుని వెళ్లామని చెప్పడానికి. ఫొటోకి అడ్డమొస్తే మీరే పక్కకి జరగండి.

ఇక ప్రైవసీ. యూరోపియన్ యూనియన్ డేటా చట్టం జీడీపీఆర్ మృతులకు వర్తించదన్న మాట నిజమే, కానీ సభ్యదేశాలు సొంత నియమాలు పెట్టుకోవచ్చు. పైగా రిజిస్టర్ పేజీలో ఉండేది మృతులొక్కరే కాదు, స్థలం కొన్న కొడుకు పేరూ అడ్రసూ కూడా ఉండొచ్చు, ఆయన బతికే ఉండొచ్చు. ఆ భాగం కప్పేసి పెట్టండి. రాయి మీద ఉన్నదాన్ని తప్పులతో సహా అలాగే దించండి, మీ ఊహని విడిగా ఊహ అనే రాయండి, రిజిస్టర్ ఎవరి దగ్గరుందో, పేజీ ఎంతో, ప్లాట్ నంబరెంతో పక్కనే వేయండి.