ఆఠీను ఏడూ ఎనిమిదీ, పావుకిలో పల్లీలూ

పోయిన ఆదివారం మా బావమరిది రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మలక్‌పేటలో దిగి మరీ వచ్చి మా ఇంటి పల్లీలకు ఎసరు పెట్టాడు. "బావా, ఎన్నాళ్లాడతారు ఈ రమ్మీ? పోకర్ నేర్పుతా, కూర్చోండి" అన్నాడు. పై ఫ్లోర్ లెక్కల మాస్టారు రిటైరయ్యాక పిలిస్తే కాదనరు. పక్క ఫ్లాట్ ఇంజినీరింగ్ కుర్రాడైతే పిలవకపోయినా వస్తాడు. నలుగురం అయ్యాం.

డబ్బు మాట ఎత్తొద్దన్నాను. 2017లో చట్టం సవరించాక తెలంగాణలో డబ్బు పెట్టి రమ్మీ ఆడినా నేరమే, ఇక పోకర్ సంగతి చెప్పాలా! అందుకని సోమవారం ఇడ్లీల్లోకి చట్నీ కోసం మా ఆవిడ వేయించి, పొట్టు తీసి పెట్టిన పల్లీల డబ్బా తెచ్చి తలా వంద లెక్కపెట్టాను. "ఆటయ్యాక ఆ డబ్బా నిండుగా నా చేతికి రావాలి" అని వంటింట్లోంచి వినబడింది. ఆటలో పల్లీలు చేతులు మారతాయే గానీ ఎక్కడికి పోతాయి అనుకున్నాను.

ఆట సులువే. చేతికి రెండు ముక్కలు. నేల మీద ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకొకటి, అందరికీ కలిపి పరుస్తారు. చేతిలోవీ నేల మీదవీ కలిపి ఎవరి అయిదు ముక్కలు పెద్దవైతే వాళ్లదే కుప్ప. ఆ మొదటి మూడే ఫ్లాప్. అది రాకముందే ఉండాలో పోవాలో తేల్చుకోవాలి.

నాకు మొదటే పడ్డాయి, ఆఠీను ఏడూ ఎనిమిదీ.

ఊహ తెలిసినప్పటి నుంచీ పెళ్లిళ్లలో, తద్దినాల్లో, కరెంటు పోయిన రాత్రుల్లో రమ్మీ ఆడినవాణ్ణి. ఒకే రంగులో వరసగా రెండు ముక్కలు కనబడితే నా చెయ్యి నా మాట వినదు. ఆరు వస్తే సరి, తొమ్మిదొచ్చినా సరి, రమ్మీలో అయితే జోకర్ లేని వరస, అదే నేచురల్, అయిపోయినట్టే. బావమరిది ఎనిమిది పల్లీలు పెడితే నేనూ ఎనిమిది తోశాను. నేల మీద కళావరు రాజు, ఇస్పేటు రాణి, డైమండ్ రెండు. ఆఠీను వాసన కూడా లేదు.

"రమ్మీలో వంతు వంతుకీ ఒక ముక్క తీస్తారు బావా, పనికిరానిది పారేస్తారు. ఇక్కడ తీసేదీ లేదు, పారేసేదీ లేదు. నేల మీద పడిందే ప్రాప్తం" అన్నాడు వాడు, నా ఎనిమిదీ తన కుప్పలో కలుపుకుంటూ.

మాస్టారు పేపరు అంచు మీద లెక్క కట్టారు. చేతిలో ఒకే రంగువి రెండుంటే, మిగిలిన 50 ముక్కల్లోంచి ఫ్లాప్ 19,600 రకాలుగా రావచ్చట. అందులో మూడూ మన రంగే అయ్యి, అయిదూ ఒకే రంగుగా పెద్ద చెయ్యి కుదిరేవి 165. "అంటే 119 సార్లకు ఒకసారి బాబూ" అని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తర్వాత గంటసేపు ఆయన ఒక్క చేయి కూడా ఆడలేదు. ముక్కలు చూడటం, బోర్లించడం, మళ్లీ పల్లీల వైపు చూడటం.

నేను మాత్రం అన్నీ ఆడాను. ఇస్పేటు అయిదూ ఆరూ, కళావరు తొమ్మిదీ పదీ. ఒకసారి నిజంగానే నేల మీద మూడు కళావర్లు పడ్డాయి. నాకు చెమట పట్టింది. కానీ కుర్రాడి దగ్గర కళావరు ఆసు ఉంది, రాణి కూడా ఉంది. ఇద్దరికీ ఒకే రంగైతే పెద్ద ముక్క ఉన్నవాడిదే గెలుపట. వాడు నా ముప్ఫై పల్లీలు లాక్కుని "సారీ అంకుల్" అన్నాడు.

బావమరిదికి జాలేసింది కాబోలు, రహస్యం చెప్పాడు. ఇలాంటి ఆశల చేతులూ, చిన్న జతలూ ఆడొచ్చట. కానీ చవగ్గా లోపలికి రావాలి, వీలైతే అందరికన్నా ఆఖర్న పందెం మాట చెప్పే చోట కూర్చోవాలి. చిన్న జత పట్టుకుంటే ఫ్లాప్‌లో మూడోది తగిలేది ఎనిమిదిన్నర సార్లకు ఒకసారే. అందుకని తగిలిన రోజున ఎదుటివాడి దగ్గర మనం పెట్టినదానికి పదిహేను, ఇరవై రెట్లు ఉండాలి. అప్పుడే గిట్టుబాటు.

ఇదేదో మన మోండా మార్కెట్ లెక్కలాగే ఉందనిపించింది.

అప్పుడు నాకు నాలుగుల జత పడింది. గంట నుంచి ఉలకని పలకని మాస్టారు ఆరు పల్లీలు ముందుకు తోశారు! ఆయన ఊరికే తోయరు, గట్టి చెయ్యే. పైగా ఒక్క చేయీ ఆడని మనిషి, వందకు వందా ఉండే ఉంటాయి. ఆరుకి ఇరవై రెట్లు కాకపోయినా పదిహేనైతే ఖాయం. నేనూ ఆరు పెట్టాను. తక్కిన ఇద్దరూ ముందే పెట్టినవి, ఒకడు ఒకటీ, ఇంకొకడు రెండూ, వదిలేసి తప్పుకున్నారు.

ఫ్లాప్: ఆసు, తొమ్మిది, నాలుగు.

నా గుండె చప్పుడు పక్క ఫ్లాట్‌కి వినబడే ఉంటుంది. నా దగ్గర మిగిలినవన్నీ రెండు చేతులతో ముందుకు నెట్టేశాను. మాస్టారు ఆసూ రాజూ తిప్పి చూపించి, "నేనూ అన్నీ పెడుతున్నాను" అన్నారు. పెట్టారు. మూడు పల్లీలు.

"మిగతావి ఏవండీ?"

ఆయన ఒళ్లోని పేపరు కాస్త ఎత్తారు. కింద పల్లీ పలుకులు. "ఆడనప్పుడు చేతులు ఊరుకోవు కదా బాబూ. బాగా వేయించింది అమ్మాయి" అన్నారు.

ఎదుటివాడి దగ్గర ఎంతుంటే అంతే గెలవగలం, అది రూలు. ఆయన ఆసుల జత కన్నా నా మూడు నాలుగులే పెద్దవి, మిగతా రెండు ముక్కలూ నన్నేమీ చెడగొట్టలేదు. నా జీవితంలో మొదటి పోకర్ విజయం, నికరంగా 12 పల్లీలు. తీరా చూస్తే కుర్రాడి కుప్ప కూడా సగమే ఉంది, వాడు గెలిచినవి గెలిచినట్టే నమిలేశాడు. నాలుగు వందల్లో డబ్బాలోకి తిరిగి చేరినవి 140.

మా ఆవిడ డబ్బా ఒకసారి ఊపి చూసి, చప్పుడు విని, ఏమీ అనకుండా లోపలికెళ్లింది. ఆమె పుట్టింట్లో పొయ్యి వెలగని రోజుందేమో గానీ పేక పడని రోజు లేదు. పొద్దున్నే నా ముందు నాలుగు ఇడ్లీలూ, ఓ మూల చెంచాడు కారప్పొడీ పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఉంటారా, డ్రాపవుతారా?"