చివరి రాజుకు వావెల్‌లో చోటు లేదు

పోలండ్ చివరి రాజు స్తానిస్వాఫ్ ఆగస్ట్ పొన్యాతోవ్‌స్కీ (పాలన 1764–1795) ద్రోహా, దురదృష్టవంతుడా? వాదిస్తున్నవారు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, పరిశోధన చేస్తున్న ఆయన శిష్యురాలు.

శిష్యురాలు: మాస్టారూ, నాకు మింగుడుపడనిది ఒక్కటే. 1792 జూన్‌లో రాజుగారి తమ్ముడి కొడుకు యూజెఫ్ జీలెంత్సె దగ్గర రష్యన్లను నిలువరించాడు. ఆ గెలుపుకు గుర్తుగానే ‘వీర్తుతి మిలితారి’ పతకం పుట్టింది. నెల తిరిగిందో లేదో, జులై 24న ఈయన తర్గోవిత్స కూటమిలో చేరిపోయాడు. కొత్త రాజ్యాంగం నచ్చక రష్యా సేనను ఇంటిమీదికి పిలిచిన పెద్ద జమీందారుల కూటమి అది!

మాస్టారు: వచ్చింది లక్షకు చేరువైన సేన, అమ్మా. అంత బలగాన్ని ఎదురు నిలిపే శక్తి పోలండ్‌కు లేదు. రాజ్యాంగ రచనలో చేయి ఉన్న హుగో కోవాంతాయ్ కూడా చేరమనే సలహా ఇచ్చాడు.

శిష్యురాలు: సలహా ఎవరైనా ఇస్తారు, నిర్ణయం రాజుది. అది విని యూజెఫ్, సేనాని కోష్చ్యుష్కో ఇద్దరూ సైన్యం నుంచి తప్పుకున్నారు. లొంగితే దేశం దక్కుతుందని రాజు అనుకున్నాడు. దక్కిందా? పొరుగు రాజ్యాలు దేశాన్ని పంచుకున్నాయి: 1793లో రెండో విభజన, 1795లో మూడోది. పట్టాభిషేకం జరిగిన నవంబర్ 25నే, 31 ఏళ్ల తర్వాత గ్రోద్నోలో సింహాసనం వదులుకుంటూ సంతకం పెట్టాడు. అసలు ఆ కిరీటమే ఒకనాటి ప్రేయసి, రష్యా మహారాణి కేథరిన్ అండతో వచ్చింది కదా!

మాస్టారు: అది కాదనను. ఆ రుణం ఆయన మెడకు గుదిబండే. కానీ ఆయన చేతికొచ్చిన రాజ్యం ఎలాంటిది? పోలండ్ పార్లమెంటు సెయ్మ్‌లో ఒక్క సభ్యుడు ‘ఒప్పుకోను’ అంటే సభ మొత్తం రద్దయ్యేది. సైన్యానికి 1717 నుంచే 24,000 మంది పరిమితి. అలాంటి చోట 1773లో విద్యా కమిషన్ వచ్చింది. రద్దయిన జెసూట్ క్రైస్తవ సన్యాసుల సంఘం ఆస్తులతో బడులు నడిపి, పోలిష్ భాషలో పాఠ్యపుస్తకాలు రాయించింది. 1791 మే 3న రాజ్యాంగం వచ్చి, ఒంటి సభ్యుడి వీటోను తుడిచిపెట్టింది. ఈ రెండింటి వెనకా ఆయన ఉన్నాడు.

శిష్యురాలు: ఆయనకు కత్తి కంటే కుంచె మీదే మక్కువ. గురువారం విందుల్లో కవులు, వజియెంకి తోటలో నీటి మధ్య మేడ... బొమ్మలతో సరిహద్దులు నిలవవు మాస్టారూ.

మాస్టారు: నిలవవు. అయినా ఒక్క బొమ్మ దగ్గర ఆగు. బెర్నార్దో బెలొట్టో అనే వెనిస్ చిత్రకారుణ్ణి ఆస్థానంలో పెట్టుకుని వార్సా వీధులు గీయించాడు. ఏ గోడకు ఏ గూడు, ఏ మేడకు ఎన్ని కిటికీలు, చూరు కింద నగిషీ ఎలా తిరిగింది, అన్నీ ఉన్నాయి వాటిలో. 1944లో నాజీలు ఊరిని నేలమట్టం చేశారు. మళ్లీ కట్టేటప్పుడు వాస్తుశిల్పులు ఆ చిత్రాలు ముందు పెట్టుకున్నారు. 123 ఏళ్లు పటంలో లేని దేశాన్ని బతికించింది ఏమిటనుకున్నావు? భాష, చదువు, జ్ఞాపకం. వాటికి ఆయన వేసిన ఎరువు తక్కువది కాదు.

శిష్యురాలు: మరి పోలిష్ ప్రజలే ఆయనను ఎందుకు దగ్గరికి తీయలేదు? 1798లో పీటర్స్‌బర్గ్‌లో పోయాడు. 1938లో శవపేటికను అక్కడి నుంచి తెచ్చి, పోలండ్ రాజులు చాలామంది సమాధులున్న క్రాకోవ్‌లోని వావెల్‌కు కాకుండా, పుట్టిన ఊరు వోవ్చిన్‌లో చడీచప్పుడు లేకుండా దించారు.

మాస్టారు: 1995లో వార్సా సెయింట్ జాన్ కేథడ్రల్‌కు చేర్చారుగా. రాజ్యాంగం ఆమోదించిన రోజున కోటలో ప్రమాణం చేసి ఆయన నడిచింది ఆ గుడికే.

శిష్యురాలు: పదిహేను నెలలైనా గడవకుండా ఆ ప్రమాణాన్నే వదిలేశాడు. ఆ సమాధి మీద నేను పువ్వు పెట్టలేను.

మాస్టారు: పెట్టకమ్మా. బయటికి వచ్చాక మాత్రం, కోట దాటి నాలుగడుగులు వేసి, ఆ మేడల కిటికీలు ఒక్కసారి చూడు.