సవరణ: లాల్‌బాగ్ గాజుమేడ టిప్పు కట్టించింది కాదు

ఆగస్టు పూల ప్రదర్శనకు బెంగళూరు పోయే నెల్లూరోళ్ల కోసం ఇంతకుముందు పెట్టిన టపాలో, లాల్‌బాగ్‌లో కనిపించేదంతా టిప్పు సుల్తాన్ చలవే అన్నట్టు ఉంది. అది సరికాదు.

తోట మొదలుపెట్టింది హైదర్ అలీ, 1760లో, మొగలు తోటల పద్ధతిలో. టిప్పు దాన్ని పెంచాడు, దూరదేశాల నుంచి మొక్కలు తెప్పించాడు. ఆ ఘనత ఆయనదే, కాదనం. గాజుమేడ (గ్లాస్ హౌస్) సంగతి వేరు. టిప్పు 1799లో పోయాడు. దానికి శంకుస్థాపన జరిగింది 1889లో, బ్రిటిష్ యువరాజు ఆల్బర్ట్ విక్టర్ చేతుల మీదుగా. ఇనుప చట్రం, అద్దాల పలకలు, అంతా లండన్ క్రిస్టల్ ప్యాలెస్ నమూనా. అప్పుడు తోట బాధ్యత జేమ్స్ కామెరాన్‌ది. ఆయన తర్వాత 1908లో తోట బాధ్యతకు వచ్చిన జర్మన్ క్రుంబిగల్ పేరు కూడా ఆ టపాలో లేదు, ఉండాల్సింది.

తోటలోని పెద్ద బండ మీది గోపురం వీటన్నిటికన్నా పాతది, బెంగళూరును ఏలిన కెంపేగౌడల నాటిదంటారు. బండ వయసైతే దాదాపు 300 కోట్ల ఏళ్లు! నన్నడిగితే పూలకన్నా ముందు చూడాల్సింది అదే.

"గంటలో చుట్టేయొచ్చు" అన్న మాట కూడా కొట్టేయండి. తోట 240 ఎకరాలు; పెద్దోళ్లను వెంటబెట్టుకుని పోతే పూట పడుతుంది.